తెర మీది షేక్: జనరంజక సంస్కృతిలో అరబ్బుల, ముస్లింల మూసబొమ్మలు

అరబ్బు, ముస్లిం అన్న రెండు మాటలకూ అర్థం ఒకటి కాదు. అరబ్బు అన్నది భాషను, సంస్కృతిని బట్టి వచ్చిన పేరు. ముస్లిం అన్నది మతాన్ని బట్టి వచ్చిన పేరు. ప్రపంచంలోని ముస్లింలలో అరబ్బులు సుమారు అయిదో వంతు. ముస్లింలు అన్ని దేశాలకంటే ఎక్కువగా ఉన్న ఇండొనేషియా అరబ్బు దేశం కాదు. ఇరానీల భాష ఫార్సీ, తుర్కుల భాష తుర్కీ. మరోవైపు లెబనాన్, సిరియా, పాలస్తీనాల్లో తరతరాలుగా అరబ్బీ మాట్లాడే క్రైస్తవులున్నారు. అమెరికాకు తొలిరోజుల్లో వలస వెళ్ళిన అరబ్బుల్లో ఎక్కువమంది వాళ్ళే. సినిమాలు, టీవీ సీరియళ్ళు, కామిక్స్, వీడియో గేములు వీళ్ళందరినీ ఒకే గాటన కట్టేశాయి. తలగుడ్డ, గడ్డం, చేతిలో వంకీ కత్తో తుపాకో ఉంటే చాలు. ఏ దేశం, ఏ భాష, ఏ మతం అని అడిగే పని ఉండదు. ఆ మూసబొమ్మ ఎక్కడ పుట్టింది, ఏ కాలంలో ఏ వేషం కట్టింది, మన తెరలకు ఏ దారిన వచ్చింది అన్నదే ఇక్కడి విషయం.

పారిస్‌లో పుట్టిన అల్లాఉద్దీన్

ఐరోపా ఊహల్లోని అరబ్బు లోకానికి పునాది వేసిన పుస్తకం వెయ్యిన్నొక్క రాత్రుల కథలు. ఫ్రెంచి పండితుడు ఆంటోయిన్ గాలాఁ దాన్ని 1704 నుంచి 1717 వరకు సంపుటాలుగా ఫ్రెంచిలోకి తెచ్చాడు. ఆయన దగ్గరున్న పాత సిరియా రాతప్రతిలో అల్లాఉద్దీన్ లేడు, ఆలీబాబా కూడా లేడు. ఆ రెండు కథలనూ 1709లో పారిస్‌లో ఆయనకు నోటితో చెప్పినవాడు హన్నా దియాబ్ అనే అలెప్పో యువకుడు. ఇతను అరబ్బే, కానీ ముస్లిం కాదు, మారొనైట్ క్రైస్తవుడు. గాలాఁ అతని పేరును తన పుస్తకంలో ఎక్కడా వేయలేదు. అన్నట్టు, ఆ కథలోని అల్లాఉద్దీన్ ఉండేది చైనాలో. ప్రపంచమంతా అరబ్బు కథ అనగానే మొదట తలచుకునే కథకు అరబ్బీ మూలప్రతే దొరకలేదు. తర్వాత దొరికాయన్న ప్రతులు ఫ్రెంచి నుంచి అరబ్బీలోకి తిరగరాసినవని తేలింది.

కథ వెనకే బొమ్మ వచ్చింది. 19వ శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారులు అంతఃపురాలను, స్నానశాలలను, బానిస సంతలను తెగ గీశారు. వాటిలో పేరుపడింది జాఁ లియోఁ జెరోమ్ 1879 ప్రాంతంలో వేసిన పాములవాడి చిత్రం. ఒంటి మీద బట్ట లేని కుర్రవాడు కొండచిలువను చుట్టుకుని నిలబడి ఉంటాడు; ఆయుధాలు పట్టినవాళ్ళు నీలి పలకల గోడకు ఆనుకుని చూస్తుంటారు. ఫొటో తీసినట్టు ఉంటుంది. అయితే ఆ పలకలు ఇస్తాంబుల్ రాజప్రాసాదానివి, ఆ పాములాట ఈజిప్టుది. ఎక్కడెక్కడివో తెచ్చి ఒకచోట అతికి, ఇదే తూర్పు దేశమని చూపించాడు. పాలస్తీనా క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ఎడ్వర్డ్ సయీద్ 1978లో వెలువరించిన 'ఓరియంటలిజం' గ్రంథానికి ఈ చిత్రమే ముఖచిత్రమైంది. తూర్పును గురించి పడమర రాసుకున్నది తూర్పును తెలుసుకోవడానికి కంటే ఏలుబడి సాగించడానికి ఎక్కువ పనికొచ్చిందన్నది ఆ గ్రంథం వాదన.

1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో 'కైరో వీధి' అని ఒక సెట్టు వేశారు. ఒంటెలు, గాడిదలు, బొడ్డు నాట్యమాడే ఆడవాళ్ళు ఉన్న ఆ వీధి చూడటానికి జనం విరగబడ్డారు. అప్పటికి సినిమా ఇంకా పూర్తిగా పుట్టనే లేదు. పుట్టేనాటికి సెట్టూ వేషమూ సిద్ధంగా ఉన్నాయి.

షేక్, బాంబు, నాట్యకత్తె

మూకీల కాలపు అరబ్బు మోహానికి గుర్తు. 1921 నాటి 'ది షేక్' సినిమాలో రుడాల్ఫ్ వాలెంటినో ఎడారి నాయకుడిగా ఒక ఇంగ్లీషు యువతిని ఎత్తుకుపోతాడు, ఆమె చివరికి అతన్నే ప్రేమిస్తుంది. అమెరికా ఆడవాళ్ళు అతని కోసం పిచ్చెక్కిపోయారు. కానీ తెల్లపిల్ల అరబ్బును పెళ్ళాడితే ఆనాటి ప్రేక్షకులకు మింగుడుపడదు. అందుకని కథ చివర్లో అతను పుట్టుకతో అరబ్బు కాదనీ, తండ్రి ఇంగ్లీషువాడు, తల్లి స్పెయిన్ దేశస్థురాలు అనీ తేలుస్తారు. ఆ ముడి విప్పిన తీరులోనే తర్వాతి ఎనభయ్యేళ్ళ హాలీవుడ్ ఉంది.

1962లో డేవిడ్ లీన్ తీసిన 'లారెన్స్ ఆఫ్ అరేబియా' గొప్ప సినిమా, అందులో సందేహం లేదు. ఈజిప్టు నటుడు ఒమర్ షరీఫ్ దూరాన ఎండమావిలో చుక్కలా మొదలై ఒంటె మీద దగ్గరికి వచ్చే దృశ్యం ఈనాటికీ సినిమా బడుల్లో పాఠం. అయినా అందులో ఫైసల్ రాజకుమారుడిగా వేసింది ఇంగ్లీషు నటుడు అలెక్ గిన్నిస్. అరబ్బులకు దారి చూపేది ఇంగ్లీషు లారెన్స్. మూడున్నర గంటలకు పైగా నడిచే ఆ సినిమాలో ఒక్క ఆడమనిషీ నోరు విప్పి మాట్లాడదు.

మూసకు పదును పెట్టింది రాజకీయం. 1967 అరబ్బు-ఇజ్రాయెల్ యుద్ధం తర్వాత పాలస్తీనా గెరిల్లా వార్తల్లోకి వచ్చాడు. 1973లో అరబ్బు దేశాలు అమెరికాకు చమురు ఆపేస్తే ధర కొద్ది నెలల్లోనే దాదాపు నాలుగింతలైంది. పెట్రోలు బంకుల దగ్గర వరుసల్లో నిలబడ్డ అమెరికన్‌కు శత్రువు దొరికాడు. 1979లో ఇరాన్ విప్లవం, టెహ్రాన్ రాయబార కార్యాలయంలో 52 మంది అమెరికన్ల 444 రోజుల బందీ కథ. ఇరానీలు అరబ్బులు కారన్న సంగతి ఎవరికీ పట్టలేదు. 1976 నాటి 'నెట్‌వర్క్'లో సౌదీ డబ్బు అమెరికా టీవీ కంపెనీని కొనబోతుంది. మరుసటేడు 'బ్లాక్ సండే'లో పాలస్తీనా బృందం ఫుట్‌బాల్ స్టేడియం మీదికి గాలి ఓడలో బాంబు తెస్తుంది. పిల్లలు కూడా చూసే 'బ్యాక్ టు ది ఫ్యూచర్'లో (1985) శాస్త్రవేత్తను కాల్చేది వ్యాన్‌లో వచ్చిన లిబియా వాళ్ళు. ఎందుకు లిబియా అంటే కారణమేమీ అక్కర్లేదు. ప్రేక్షకుడు అడగడని రచయితలకు తెలుసు.

మూస ఎంత బలంగా నాటుకుందో చెప్పడానికి సినిమా కంటే మంచి సాక్ష్యం ఒక పోలీసు కేసు. 1970ల చివర్లో అమెరికా ఎఫ్‌బీఐ తన మనుషులను అరబ్బు షేకుల ప్రతినిధులుగా పంపి లంచాలు ఎర వేసింది. 'ఆబ్‌స్కామ్' అని పేరుపడ్డ ఆ వలలో ఒక సెనేటరూ ఆరుగురు ప్రతినిధుల సభ సభ్యులూ దోషులుగా తేలారు. షేకు దగ్గర అంతులేని డబ్బుంటుంది, లంచానికి వెనకాడడు అన్నది వాళ్ళకు ముందే తెలిసిన 'నిజం' కాబట్టే అనుమానం రాలేదు. ఈ వ్యవహారం మీద మండిపడ్డ మాజీ సెనేటర్ జేమ్స్ అబూరెజ్క్, లెబనాన్ సంతతివాడు, 1980లో అరబ్బు అమెరికన్ల పౌరహక్కుల సంస్థ ఏడీసీని నెలకొల్పాడు.

ఈ బొమ్మలన్నిటినీ ఓపికగా పోగుచేసి లెక్కగట్టింది జాక్ షాహీన్. లెబనాన్ నుంచి వలస వచ్చిన క్రైస్తవ కుటుంబంలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో పుట్టిన ఈ ఆచార్యుడు 1984లో టీవీ అరబ్బు మీద, 2001లో సినిమా అరబ్బు మీద పుస్తకాలు వేశాడు. రెండోది సినిమాలను ఒక్కొక్కటిగా తీసుకుని చర్చించిన నిఘంటువు లాంటిది. తొమ్మిది వందలకు పైగా సినిమాలు చూస్తే అరబ్బును మంచిగా చూపినవి డజను, తటస్థంగా ఉన్నవి యాభై పైచిలుకు, మిగిలినవన్నీ చెడ్డగానే. కోటీశ్వరుడు, బాంబు పెట్టేవాడు, బొడ్డు నాట్యకత్తె: అంతా ఈ మూడు అచ్చుల్లోనే పోశారని ఆయన తేల్చాడు. ఆయన వట్టి ఫిర్యాదుదారు కాడు. 'త్రీ కింగ్స్', 'సిరియానా' వంటి సినిమాలకు సలహాదారుగా కూర్చుని పనిచేశాడు. 2017లో చనిపోయాడు.

అగ్రబా మీద బాంబులు

1992లో డిస్నీ 'అలాద్దీన్' వచ్చింది. కథ బాగ్దాద్‌లో జరగాల్సింది. గల్ఫ్ యుద్ధం వచ్చిపడటంతో అగ్రబా అనే లేని ఊరు సృష్టించారు. మొదటి పాటలోనే ఆ ఊరి వర్ణన: ముఖం నచ్చకపోతే చెవి కోసేసే చోటు అని. బజారులో ఆకలిగొన్న పిల్లవాడికి ఆపిల్ పండు తీసిచ్చిన రాజకుమారి జాస్మిన్ చేయి నరకడానికి అంగడివాడు కత్తి ఎత్తుతాడు. అన్నిటికంటే సూక్ష్మమైనది గొంతు. అల్లాఉద్దీన్, జాస్మిన్ అచ్చమైన అమెరికా యాసలో మాట్లాడతారు. దుర్మార్గులకూ అంగడివాళ్ళకూ మాత్రం విదేశీ యాస, పెద్ద ముక్కులు. అయిదేళ్ళ పిల్లకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఏడీసీ గట్టిగా అడిగితే 1993లో వీడియో క్యాసెట్టు వచ్చేనాటికి చెవి కోసే చరణాన్ని మార్చారు. ఆ ఊరిని అనాగరికమన్న మాట మాత్రం అలాగే ఉండిపోయింది. అది తీసేయడానికి 2019 దాకా, ఈజిప్టు మూలాలున్న మీనా మసూద్ అల్లాఉద్దీన్‌గా నటించిన కొత్త సినిమా దాకా ఆగాల్సి వచ్చింది.

అగ్రబాకు మరో అధ్యాయం ఉంది. 2015 డిసెంబర్‌లో పబ్లిక్ పాలసీ పోలింగ్ అనే అమెరికా సర్వే సంస్థ కొంటెగా ఒక ప్రశ్న వేసింది: అగ్రబా మీద బాంబులు వేయడాన్ని సమర్థిస్తారా? రిపబ్లికన్ ప్రైమరీ ఓటర్లలో 30 శాతం సమర్థిస్తామన్నారు. డెమోక్రాట్లలో 19 శాతం. డెమోక్రాట్లు నవ్వుకోవడానికి వీల్లేదు: వాళ్ళలో 36 శాతం వ్యతిరేకిస్తున్నామన్నారు గానీ, లేని ఊరి గురించి అభిప్రాయం చెప్పడమంటే అదీ ఇదీ ఒకటే.

ఆ 1992లోనే కైరోలో ఒక సినిమా ఆడింది: 'అల్ ఇర్హాబ్ వల్ కబాబ్', అంటే ఉగ్రవాదమూ కబాబూ. అరబ్బు ప్రపంచపు హాస్యరాజు ఆదిల్ ఇమామ్ అందులో పిల్లల బడి మార్పిడి కాగితం కోసం తహ్రీర్ చౌక్‌లోని మొగమ్మా అనే బ్రహ్మాండమైన సర్కారు కార్యాలయం చుట్టూ తిరిగే మామూలు మనిషి. గుమాస్తా సీటులో ఉండడు. ఉన్నవాడు పని అడిగినప్పుడల్లా నమాజులో ఉంటాడు. తగువు ముదిరి, తోపులాటలో సిపాయి తుపాకీ ఇతని చేతికొస్తుంది. క్షణంలో 'ఉగ్రవాది' అయిపోతాడు. బయట పోలీసు బలగాలు, మంత్రి. ఏం కావాలో చెప్పమంటారు. లోపల బందీలతో కలిసి ఆలోచిస్తే తేలిన మొదటి కోరిక కబాబులు. షరీఫ్ అరఫా తీసిన ఈ సినిమా ఈజిప్టులో బ్రహ్మాండంగా ఆడింది. తహసీలు ఆఫీసు మెట్లెక్కిన తెలుగువాడికి ఒక్క ఉపశీర్షిక లేకపోయినా అర్థమయ్యే సినిమా. అరబ్బులు తమను తాము ఎలా చూసుకుంటారో తెలియాలంటే ఇలాంటివి చూడాలి. హాలీవుడ్ ఏడాదంతా తవ్వినా ఈ గుమాస్తా దొరకడు.

గోడ మీది రాత

1995 ఏప్రిల్‌లో ఓక్లహోమా సిటీలో ప్రభుత్వ భవనం పేలి 168 మంది చనిపోయినప్పుడు మొదటి గంటల్లో టీవీ వ్యాఖ్యాతల వేళ్ళు పశ్చిమాసియా వైపు చూపించాయి. పట్టుబడింది టిమొతీ మెక్‌వే, గల్ఫ్ యుద్ధంలో పోరాడి వచ్చిన తెల్ల అమెరికన్ మాజీ సైనికుడు. ఆరేళ్ళకు, 2001 సెప్టెంబర్ 11న, దాడి చేసినవాళ్ళు నిజంగానే అరబ్బులు. పాత బొమ్మకు రుజువు దొరికినట్టయింది.

అయితే ఆ తర్వాతి టీవీ కొంచెం తెలివి మీరింది. 2001 నవంబర్‌లో మొదలైన '24' సీరియల్ 2005లో లాస్ ఏంజెలెస్ శివారులోని ఒక మామూలు ముస్లిం కుటుంబాన్ని రహస్య ఉగ్రవాద దళంగా చూపింది. ముస్లిం సంఘాలు అభ్యంతరం చెబితే కథానాయకుడు కీఫర్ సదర్లాండ్ తెర మీదికి వచ్చి ముస్లింలందరూ ఇలాంటివాళ్ళు కారని ప్రేక్షకులకు చెప్పాడు. అప్పటి నుంచి చెడ్డ ముస్లిం పక్కన ఒక మంచి ముస్లింను, దేశభక్తుడైన అధికారినో అమాయక బాధితుడినో, నిలబెట్టడం రివాజైంది. పరిశోధకురాలు ఎవెలిన్ అల్‌సుల్తానీ 2012లో వెలువరించిన పుస్తకంలో దీన్ని విప్పి చూపింది: మంచివాడైనా చెడ్డవాడైనా ముస్లిం కథలోకి రావాలంటే బాంబు చేతిలోనో పక్కనో ఉండాల్సిందే.

'హోమ్‌ల్యాండ్' సీరియల్‌కు 2015లో జరిగిన ముచ్చట ఇక్కడ చెప్పుకోవాలి. బెర్లిన్ శివారులో సిరియా శరణార్థి శిబిరం సెట్టు వేశారు. గోడల మీద నిజమైన అరబ్బీ రాతలు ఉంటే బాగుంటుందని హెబా అమీన్, కారమ్ కాప్, డాన్ కార్ల్ అనే ముగ్గురు కళాకారులను పిలిచారు. వాళ్ళు శుభ్రంగా రాశారు. హోమ్‌ల్యాండ్ జాత్యహంకారపు సీరియల్ అని ఒక గోడ మీద. హోమ్‌ల్యాండ్ పుచ్చకాయ అని ఇంకో గోడ మీద. ఉత్త బూటకమని దాని భావం. దర్శకుడు, కెమెరా మనిషి, ఎడిటర్ అందరి కళ్ళ ముందు నుంచీ ఆ రాతలు దాటి, అక్టోబర్‌లో టీవీలో ప్రసారమయ్యాయి. అరబ్బు ఉగ్రవాదం గురించి అయిదో ఏడాది సీరియల్ తీస్తున్న ఆ బృందంలో గోడ మీది అరబ్బీ చదివి ఆపినవాడు ఒక్కడూ లేడు. వీడియో గేములూ ఇదే దారి: 'కాల్ ఆఫ్ డ్యూటీ' 2009 ఆటలో కరాచీ వీధుల బోర్డులు ఉర్దూకు బదులు అరబ్బీలో ఉన్నాయి.

బ్రిటిష్ నటుడు రిజ్ అహ్మద్ 2017లో ఆ దేశ పార్లమెంటులో చేసిన ప్రసంగం స్ఫూర్తితో మరుసటేడు 'రిజ్ పరీక్ష' అని ఒకటి వచ్చింది. తెర మీది ముస్లింకు ఉగ్రవాదంతో ముడి ఉందా, ఊరికే కోపంతో ఊగిపోతాడా, మూఢుడా, పాశ్చాత్య జీవితానికి ముప్పా, మగవాడైతే ఆడవాళ్ళను అణచేవాడా, ఆడదైతే అణగారినదా? ఒక్కదానికి అవునన్నా సినిమా తప్పినట్టే. 2021లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు 2017-19 మధ్య అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో బాగా ఆడిన 200 సినిమాలు పరిశీలిస్తే మాటలున్న పాత్రల్లో ముస్లింలు 1.6 శాతం, 181 సినిమాల్లో ఒక్కరూ లేరు. ఈ మధ్య 'రామీ', 'మో', 'మిస్ మార్వెల్' లాంటివి గాలి కొంత మార్చాయి. వీటిని రాసినవాళ్ళలో, నడిపినవాళ్ళలో ముస్లింలున్నారు. తేడా అక్కడే వచ్చింది.

మన తెర మీద

తెలుగు తెర మీది బాగ్దాద్ మొదట భయపెట్టలేదు, ముచ్చటపడేలా చేసింది. 1949లో భానుమతి, నాగేశ్వరరావుల 'లైలా మజ్ను'. 1957లో నాగేశ్వరరావు అల్లాఉద్దీన్. 1968లో రామారావు 'బాగ్దాద్ గజదొంగ', 1970లో విఠలాచార్య దర్శకత్వంలో ఆయనే ఆలీబాబా. ఈ బాగ్దాద్‌కూ ఇరాక్‌కూ సంబంధం లేదు; అది జానపద సినిమాల మాయలోకానికి ఇంకో పేరు. రాక్షసుడు పోయి భూతం వచ్చింది, అంతే. హీరో మాత్రం ఆ తలపాగావాడే.

హిందీ సినిమా ముస్లింను చాలాకాలం నవాబుగా, షాయరుగా, ప్రాణమిచ్చే పఠాన్‌గా చూపింది. 'జంజీర్' (1973) షేర్‌ఖాన్, 'షోలే' (1975) ఇమాం సాబ్ అందరికీ గుర్తే. మలుపు 1990లలో వచ్చింది. 1992లో మణిరత్నం తమిళంలో తీసిన 'రోజా' తెలుగులోనూ విరగాడింది. అందులో తగలబడుతున్న జెండా మీద పడి హీరో దొర్లుతుంటే ఉగ్రవాది నమాజు చేస్తుంటాడు. రెండిటినీ కలిపి కోసిన ఆ ఎడిటింగే అసలు మాట చెబుతుంది. 1994లో విమర్శకురాలు తేజస్విని నిరంజన ఈ సినిమా ఎవరి దేశాన్ని కలుపుతోందని నిలదీస్తూ రాసిన వ్యాసం మీద పెద్ద చర్చే జరిగింది. 'సర్ఫరోష్' (1999) ఇన్‌స్పెక్టర్ సలీం, కృష్ణవంశీ 'ఖడ్గం' (2002) ఆటో డ్రైవర్ అమ్జద్ సద్బుద్ధితో రాసిన పాత్రలే. అయినా పక్కవాళ్ళెవరూ ఇవ్వనక్కర్లేని దేశభక్తి పరీక్ష వాళ్ళు ఇవ్వాల్సి వచ్చింది.

అరబ్బు షేక్ అనగానే హైదరాబాద్‌లో గుర్తొచ్చేది వేరు. 1991లో విమానంలో ఏడుస్తున్న పాతబస్తీ బాలికను ఒక ఎయిర్‌హోస్టెస్ గమనించి, పక్కనున్న అరవయ్యేళ్ళ సౌదీ 'పెళ్ళికొడుకు'ను పట్టించింది. దేశమంతా అట్టుడికింది. ఇది మూసబొమ్మ కాదు, జరిగిన నేరం. మూసబొమ్మ దాన్నుంచి పుట్టిన తీరు గమనించాలి: బేరం కుదిర్చిన స్థానిక దళారీ, కాగితం రాసిన కాజీ, ఇంట్లోని లేమి కథలోంచి జారిపోయి తెల్లటి అంగీ ఒక్కటే మిగిలింది. అంతకు ముందే 1982లో హైదరాబాద్ నేపథ్యంలో సాగర్ సర్హదీ తీసిన 'బజార్'లో ఆడపిల్లను కొనేది గల్ఫ్‌లో సంపాదించుకుని వచ్చిన మనవాడే.

అసలు అరబ్బులు హైదరాబాద్‌కు కొత్తా? యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చినవాళ్ళ వారసులు బార్కాస్‌లో తరాలుగా ఉన్నారు. బ్యారక్స్ అన్న మాటే బార్కాస్ అయింది. పొద్దున్నే హరీస్ తిని, లుంగీ కట్టి పనులకు పోయే ఈ చావుష్‌లు ఏ సినిమా షేక్‌కూ పోలరు. హద్రమీలు, ఆఫ్రికా మూలాల సిద్దీలు తెచ్చిన మర్ఫా వాద్యం దెబ్బే మన పెళ్ళి ఊరేగింపుల్లో, వినాయక నిమజ్జనంలో మోగే తీన్‌మార్. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో గల్ఫ్‌కు పోయి వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి అడిగితే కూడా ఒకే రకం అరబ్బు దొరకడు. పాస్‌పోర్టు గుంజుకున్న కఫీల్ (పూచీపడ్డ యజమాని) ఉంటాడు, బిడ్డ పెళ్ళికి పైసలిచ్చి పంపిన కఫీల్ కూడా ఉంటాడు.

షేక్ అంటే అరబ్బీలో పెద్దమనిషి. గుంటూరు, ప్రకాశం జిల్లాల బడి హాజరుపట్టీల్లో అది సాదాసీదా ఇంటిపేరు. బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ పొన్నెకల్లు దూదేకుల ఇంటివాడు. నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా కరవదివాడు. తెలుగు సినిమా సాయిబు పాత్ర చేత ముక్కలు ముక్కలుగా ఉర్దూ కలిపిన తెలుగు పలికించి నవ్విస్తున్న కాలంలోనే, పల్నాటి యుద్ధాన్ని కంచుకంఠంతో ఊరూరా తెలుగులో పాడింది ఆ నాజరే. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' (1991), ముస్లింవాద కవిత్వ సంకలనం 'జల్‌జలా' (1998), కథల సంకలనం 'వతన్' (2004), ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' ఈ మూసకు తెలుగు సాహిత్యం లోపలి నుంచి వచ్చిన జవాబులు. మన సినిమా రచయితలు వీటిని చదివిన జాడ తెర మీద ఇంకా కనిపించాల్సి ఉంది.

2017 ఫిబ్రవరిలో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం ఓలేత్‌లో పని ముగించుకుని ఒక బారులో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్లను ఒక తెల్లవాడు వీసాల గురించి నిలదీసి, మా దేశం విడిచిపొమ్మని అరిచి, తుపాకీతో కాల్చాడు. ఒకరు చనిపోయారు. రెండో అతను, అడ్డుపడిన ఒక అమెరికన్ గాయాలతో బయటపడ్డారు. హంతకుడు ఆ రాత్రే పక్క రాష్ట్రంలోని ఒక రెస్టారెంటుకు పోయి, తాను ఇద్దరు ఇరానీలను చంపానని అక్కడి పనివాళ్ళతో చెప్పుకున్నాడు.